లారీ రేటుతో పోటీపడి రైలు సర్వీసు అమ్మడానికి సాఫ్ట్‌వేర్ నిజంగా పనికొస్తుందా?

రైలు సరుకు రవాణా అమ్మే టీమ్‌లో కొత్తగా చేరాను, కంపెనీ లాజిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది, కానీ కస్టమర్లు "లారీయే నయం" అని ఫోన్ పెట్టేస్తున్నారు, ఏం చేయాలి అని ఒకరు అడిగారు. చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, పనికొస్తుంది. కాకపోతే మ్యాప్ మీద రైలు బొమ్మ కదులుతుంటే చూసి ఎవరూ ఆర్డర్ ఇవ్వరు. కస్టమర్ సొంత డిస్పాచ్ (సరుకు పంపిన) లెక్కలు అందులో వేసి చూపిస్తేనే మాట ముందుకు సాగుతుంది.

మొదటి మీటింగ్‌లో నేను రేటు ఎత్తను. గత కొన్ని నెలల డిస్పాచ్ ఫైల్ అడుగుతాను. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రోజు, ఎంత బరువు, ఎప్పుడు అన్‌లోడ్ అయింది అన్నవి చాలు. కాస్త నసుగుతారు. రేట్ల కాలమ్ తీసేసి ఇవ్వమంటే చాలామంది ఇచ్చేస్తారు. ఓ కస్టమర్ ఫైల్‌ని ఇలాగే రూట్ల వారీగా, వారాల వారీగా విడదీస్తే ఒక సంగతి బయటపడింది. శుక్రవారం బయల్దేరిన లారీలు శనివారం రాత్రికే చేరుతున్నాయి. అవతల గోడౌన్ తెరిచేది సోమవారం పొద్దున! అర్జెంట్ అని డబ్బు పోసి పంపిన సరుకు గేటు బయట ఊరికే నిలబడుతోంది, పైగా లారీని ఆపి ఉంచినందుకు డిటెన్షన్ చార్జీలు. మా రైలు టెర్మినల్‌కి (కంటైనర్లు ఎక్కించి దించే రైలు యార్డుకి) చేరేది ఆదివారం. అప్పటిదాకా "రైలంటే లేటండీ" అన్న మేనేజర్, లారీ చేరే రోజు, రైలు చేరే రోజు రెండు కాలమ్‌లుగా పక్కపక్కన చూశాక "శుక్రవారం సరుకు వరకు ఇస్తాం" అన్నారు. అంతకన్నా అడగలేదు నేను కూడా.

రేటు ఇచ్చేటప్పుడు టెర్మినల్ నుంచి టెర్మినల్ దాకా చెప్పి ఊరుకోకండి. రెండు చివర్లా లారీ, కంటైనర్ ఎక్కించి దించే ఖర్చు, ఖాళీ కంటైనర్ తిరిగి తెచ్చే ఖర్చు అన్నీ కలిపి డోర్ టు డోర్ ఒకే రేటు ఇవ్వండి. వీటిలో ఖాళీ కంటైనర్‌దే అసలు తలనొప్పి. తిరుగు లోడ్ (వెనక్కి వచ్చేటప్పుడు తెచ్చే సరుకు) ఉందేమో సాఫ్ట్‌వేర్‌లో వెతికాకే కొటేషన్ పంపండి, దొరికితే బేరానికి చోటుంటుంది. బరువు కూడా చూసుకోండి. చాలా 20 అడుగుల కంటైనర్లకి పరిమితి పెట్టెతో కలిపి 30,480 కిలోలు. టెర్మినల్ నుంచి గోడౌన్‌కి వెళ్లే రోడ్డు మీద అంత బరువుకి అనుమతి ఉండకపోవచ్చు. రైలు లెక్క ఒక్కటే చూసి మాటిచ్చేస్తే అక్కడ ఇరుక్కుంటారు.

ట్రాకింగ్‌లో రైలు చేరే టైమ్ కాకుండా, కంటైనర్ దించి లారీకి అప్పగించే టైమ్ కనిపించేలా పెట్టించండి. ఈ రెండింటి మధ్య గంటలు గడిచిపోతాయి, గొడవలన్నీ అక్కడే.

కర్బన ఉద్గారాల లెక్క అడిగే కంపెనీలూ ఉంటాయి. దీనికి ఐఎస్ఓ 14083 అనే ప్రమాణం 2023లో వచ్చింది. మీ సాఫ్ట్‌వేర్ ఆ పద్ధతి పాటిస్తుందో లేదో కనుక్కోండి, రెండు చివర్ల లారీ ప్రయాణాన్నీ లెక్కలో కలపాలి.

ఇక దగ్గరి దూరాలు, రోజుకో కొత్త ఊరు, ఎప్పుడో ఒక లోడు... ఇలాంటి కస్టమర్లను ఫిల్టర్ పెట్టి ముందే పక్కన పెట్టేయండి. వాళ్లకి లారీయే మేలు, ఆ మాట వాళ్లతో మొహమాటం లేకుండా చెప్పొచ్చు కూడా.