పిక్సెల్ ఫాంట్ గీస్తున్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు, మామయ్య ఆశీస్సులు.

నీ గేమ్ కోసం గళ్ళు నింపుతూ గీసిన పిక్సెల్ ఫాంట్ చూశాను. అంకెలు బాగా కుదిరాయి. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల దగ్గరే తేడా కొడుతోంది. తప్పు నీ చేతిది కాదు, గళ్ళ లెక్కది.

'ఇ' తీసుకో. మూడు అడ్డగీతలు, మధ్యలో రెండు ఖాళీలు. ఒక్కోదానికి ఒక్క పిక్సెలే ఇచ్చినా అయిదు వరసలు కావాలి. 'ఎమ్'కి మూడు నిలువు గీతలు, రెండు ఖాళీలు, అంటే అడ్డంగా అయిదు. నువ్వు నాలుగులో ఇరికించావు, అందుకే ముద్దయిపోయింది.

నాణెం వేసి ఆడే పాత ఆర్కేడ్ గేముల్లో 8×8 గడి వాడటానికి కారణం మెమరీ. వరసలోని 8 పిక్సెళ్ళకి ఒక బైటు, అక్షరానికి 8 బైట్లు. 128 అక్షరాలు ఒక్క కిలోబైటులో పట్టేసేవి. పక్క అక్షరం తగలకుండా ఒక అంచు, కింది వరస ఖాళీగా వదిలితే మిగిలేది 7×7. నిలువు గీతలు తరచూ రెండు పిక్సెళ్ళ లావు ఉండేవి, ఎందుకంటే ఒంటి పిక్సెల్ గీత ఆనాటి తెర మీద పక్కకి చెదిరి మసకబారేది. ఇప్పుడా బాధ లేదు గానీ, ఆ కాలపు రూపం కావాలంటే ఆ లావు ఉండాల్సిందే.

1984లో ఆపిల్ వాళ్ళ మెకింటాష్ కంప్యూటర్ కోసం డిజైనర్ సూజన్ కేర్ గీసిన షికాగో ఫాంట్‌ని ఓసారి పెద్దది చేసి చూడు. 'ఐ' సన్నగా, 'ఎమ్' వెడల్పుగా, దేని చోటు దానికిచ్చారు. 2001లో ఐపాడ్ చిన్న తెర మీదికీ అదే వచ్చింది.

8, పెద్దబడి 'బి' ఒకేలా కనబడకూడదు. 8కి నాలుగు మూలలూ కొట్టెయ్యి. 'బి'కి ఎడమ మూలలు మాత్రం ఉంచు. స్కోరు దగ్గర ఈ రెండు పిక్సెళ్ళే ఆటగాడిని కాపాడతాయి.

ఫాంట్ ఫైలు చేసేటప్పుడు పక్కపక్క చతురస్రాలను ఒకే ఆకారంగా కలిపెయ్యి, లేకపోతే మధ్యలో సన్నటి గీతలు తేలతాయి. సైజు 8, 16, 24, 32 పిక్సెళ్ళే పెట్టు. 18 పెట్టావా, ఒక గీత లావు, ఇంకోటి మసక. గేములో అంచులు నునుపు చేసే స్మూతింగ్ ఆపెయ్యడం మర్చిపోకు.

స్కోరుకి, మెనూకి, పేరుకి ఈ ఫాంట్ భలే ఉంటుంది. కథంతా ఇందులోనే పోస్తే కళ్ళు లాగుతాయి. రెట్రో అంటూ సెట్టింగ్స్ పేజీ కూడా ఇలాగే నింపేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

తెలుగు కూడా చేస్తానన్నావు. 8×8 మీద ఆశ వదులుకో. పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు ఉన్న 'స్త్రీ' ముందు గీయి, వరస ఎత్తు దాన్నిబట్టే తేలుతుంది. వెడల్పు సంగతి 'థ' చెబుతుంది. లోపలి చుక్క, దానికి అటూ ఇటూ ఖాళీ, ఆపైన గోడలు, అక్కడే అయిదు గళ్ళు అయిపోయాయి. ఈ రెండూ గీసి పంపు, మిగతా అక్షరాల సంగతి తర్వాత చూద్దాం.

మీ మామయ్య