ఎంఎంఏలో (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో) ఇరవైసార్లు ఓడినవాడికి కూడా మళ్లీ ఫైట్లు ఎలా దొరుకుతాయి?

ఎన్ని ఓటములున్నా, పిలిచిన వెంటనే వచ్చి గట్టిగా పోరాడే ఫైటర్ నిర్వాహకులకు ఎప్పుడూ అవసరమే.

విజయవాడ, గుంటూరు వైపు ఈ అనుమానం సహజం. సంక్రాంతి బరిలో ఓడిన కోడి సాయంత్రానికి కూరైపోతుంది కదా! ఎంఎంఏలో లెక్క వేరు. పోటీలు ప్రకటించాక ఒకరు ప్రాక్టీసులో గాయపడతారు, ఇంకొకరు పోటీకి ఒప్పుకున్న బరువుకు తగ్గలేకపోతారు. టిక్కెట్లేమో అమ్ముడైపోయి ఉంటాయి. అప్పుడు వారం ముందు అడిగినా ‘సరే’ అనేవాడు కావాలి. పైకొస్తున్న కుర్రాళ్ల సత్తా తేల్చడానికీ ఇలాంటి పాతకాపే కావాలి. డబ్బు కూడా చాలాచోట్ల రెండు భాగాలు: దిగినందుకు కొంత, గెలిస్తే అదనంగా కొంత. రంగు జుట్టు, వింత ఎంట్రీ, నోటి దురుసు కూడా పనికొస్తాయి, జనానికి పేరు గుర్తుండాలిగా.

అమెరికా ఫైటర్ జెరెమీ హార్న్‌నే చూడండి. వందకు పైగా ఫైట్లు ఆడాడు. 1998లో, పెద్ద ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీ టైటిల్ కోసం ఫ్రాంక్ షామ్‌రాక్‌తో తలపడి ఓడాడు. మరుసటి ఏడాది చక్ లిడెల్ అనే ఫైటర్‌ను చోక్ (మెడ బిగించే పట్టు) పట్టి ఓడించాడు. 2005లో, అప్పటికి ఛాంపియన్ అయిన అదే లిడెల్ చేతిలో నాలుగో రౌండులో ఓడాడు. ఓటములు 20 దాటినా, గెలుపులు అంతకు మూడు రెట్ల పైనే.

ఓటములు ఎక్కువుంటే డబ్బు తీసుకుని ఓడిపోయాడని చాలామంది అనేస్తారు. అది తొందరపాటు. ప్రత్యర్థిని ఏరుకోకుండా, పూర్తి ప్రిపరేషన్ లేకుండా దిగేవాడికి ఓటములు పెరుగుతాయి. కొత్తవాళ్లనే ఏరుకుని కొట్టినవాడి రికార్డు మాత్రం మచ్చ లేకుండా కనిపిస్తుంది.