పది లక్షల క్యూసెక్కులంటే ఎన్ని నీళ్లు?

ప్రశ్న: గోదావరికి వరదొస్తే మా ఇంట్లో రోజూ వాదనే. టీవీలో ‘ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు’ అని రాగానే మా అత్తగారు బియ్యం బస్తాలు అటకెక్కించమంటారు, మా ఆయనేమో ఇంకా టైముందిలే అంటారు. అసలు క్యూసెక్కంటే ఎన్ని లీటర్లండీ? టీఎంసీ అన్నా అదేనా?
– ఒక పాఠకురాలు, పి.గన్నవరం మండలం

జవాబు: రెండూ ఒకటి కాదండీ. క్యూసెక్కు పారే నీటి లెక్క, టీఎంసీ మొత్తం నీటి లెక్క. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో పట్టేన్ని నీళ్లు ఒక్క సెకనులో దాటిపోతే అది ఒక క్యూసెక్కు, అంటే 28 లీటర్ల పైచిలుకు. మనం తెప్పించుకునే 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను ఉంది కదా, దాదాపు ఒకటిన్నర టిన్ను. ‘సెకనుకు పది లక్షల క్యూసెక్కులు’ అంటుంటారు కొందరు, అది తప్పు, సెకను ఆ మాటలోనే ఉంది. ‘డ్యాములో ఇన్ని క్యూసెక్కులు నిల్వ ఉన్నాయి’ అన్నా తప్పే, నిల్వకి టీఎంసీలే చెప్పాలి.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఆ లెక్కన పది లక్షల క్యూసెక్కులు రోజంతా పారితే 86 టీఎంసీల పైమాటే, మరి ధవళేశ్వరం బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీల లోపు! ఖాళీగా ఉన్నా సరే, ఆ వరదకి నిండడానికి గంట పట్టదు. ‘గేట్లెత్తి ముంచేశారు’ అని లంకల్లో (నది మధ్య దీవుల ఊళ్లలో) బాధతో అంటారు గానీ, ఆ బ్యారేజీ కాలువలకి నీళ్లు ఎక్కించడానికి కట్టింది, వరదని ఆపడానికి కాదు. వచ్చింది వచ్చినట్టు 175 గేట్ల లోంచి వదలాల్సిందే.

మీకు చేనుంటే ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. బోదెలో (చేలోకి నీరు తెచ్చే చిన్న కాలువలో) ఒక క్యూసెక్కు నీరు గంటసేపు పారితే ఎకరం చేలో అంగుళం నీరు నిలుస్తుంది (ఇంకడం, గట్ల దగ్గర కారిపోవడం పక్కన పెడితే). దాళ్వాలో (రెండో పంటకి) వంతులవారీగా నీళ్లిచ్చేటప్పుడు శివారు రైతుకి ఎన్ని గంటలు నీరందాలో ఈ లెక్కతోనే గట్టిగా అడగొచ్చు.

ఇక మీ ఇంటి వాదన. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి, వరద పది లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. కాబట్టి మీ అత్తగారి మాట వినండి, బస్తాలు ఎక్కించండి. పది లక్షలు అన్నది ఒక్కటే చూసి ఊరుకోకండి, అది గంటగంటకీ పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ముఖ్యం. అంతకన్నా ముందు ఎగువనున్న భద్రాచలం చూడండి, అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరుగుతూనే ఉంటే ఆ నీళ్లు ఇంకా మీ దగ్గరికి రావాల్సే ఉన్నాయి, ధవళేశ్వరంలో అంకె చిన్నగా కనిపించినా సరే.