కార్డు కనిపిస్తోంది, డిస్కులు కనపడవు: తప్పు డ్రైవర్‌దా, ఫర్మ్‌వేర్‌దా?
డిస్కులను కంప్యూటర్‌కి కలిపే శాస్ కంట్రోలర్ కార్డు (హెచ్‌బీఏ) గురించి ఇది. బూట్ అయ్యేటప్పుడు ఆ కార్డు సొంత బయాస్ స్క్రీన్‌లో డిస్కులన్నీ వరసగా కనిపించి, లినక్స్‌లోకి వచ్చాక ఒక్కటీ లేకపోతే ముందు డ్రైవర్‌నే అనుమానించండి. కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి మైనస్ కే తగిలించి (lspci -k) కొడితే ఆ కార్డు కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను రావాలి. ఎల్‌ఎస్‌ఐ శాస్ 2008 చిప్ కార్డులకైతే అక్కడ ఎంపీటీ3శాస్ అని ఉంటుంది, పాత కెర్నల్స్‌లో ఎంపీటీ2శాస్.

కార్డు బయాస్‌లోనే డిస్కులు లేవా? డ్రైవర్ జోలికి పోకండి, కేబుల్ చూడండి. ఒక కనెక్టర్ నుంచి నాలుగుగా చీలే బ్రేకౌట్ కేబుళ్లలో రివర్స్, ఫార్వర్డ్ అని రెండు రకాలు, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి, కానీ కార్డు నుంచి నేరుగా డిస్కులకు వెళ్లాలంటే ఫార్వర్డే కావాలి.

డ్రైవర్ లోడయ్యాక, పెద్ద ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడు మాత్రమే డిస్కులు ఊడిపోతుంటే కెర్నల్ సందేశాలు చూపే dmesg కమాండ్‌లో ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ చూడండి. శాస్ 2008 చిప్‌కి వచ్చిన పీ20 ఫర్మ్‌వేర్‌లో మొదటి విడుదల, అంటే 20.00.00.00, ఇబ్బంది పెట్టేదే, 20.00.07.00 వేసుకోండి. హీట్‌సింక్ కూడా ఓసారి చూడండి, ఇవి సర్వర్ గాలికి అలవాటుపడ్డ కార్డులు, మామూలు కేబినెట్‌లో ఫ్యాన్ లేకపోతే విపరీతంగా వేడెక్కుతుంటాయి.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించే (ఫ్లాష్ చేసే) ముందు కార్డు మీది స్టిక్కర్‌లో ఉన్న శాస్ అడ్రస్ (కార్డు గుర్తింపు సంఖ్య) రాసుకోండి. పాతది ఎరేజ్ చేశాక కొత్తది ఎక్కేవరకూ రీబూట్ మాత్రం చేయొద్దు.