షెడ్డు పక్కన పెట్టె

ఇందుకూరుపేట

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వైర్‌లెస్ అడ్‌హాక్ నెట్‌వర్క్‌లో బ్యాటరీ ఎలా మిగుల్చుకోవాలన్న విషయం పట్టుకున్నావు, చాలా సంతోషం. టవర్ లేకుండా రేడియో ఉన్న పెట్టెలు ఒకదాని కబురు ఒకటి అందించుకుంటాయని చక్కగా చెప్పావు. కానీ కరెంటంతా పంపడానికే పోతుందన్న వాక్యం కొట్టెయ్. సెన్సర్లలో బాగా వాడిన సీసీ2420 అనే రేడియో చిప్ లెక్క చూడు. పూర్తి పవర్‌తో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు, వినేటప్పుడు 18.8. పంపడం రెప్పపాటులో అయిపోతుంది. ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గి కూర్చోవడం రాత్రంతా సాగుతుంది. బ్యాటరీని తినేసేది ఆ కూర్చోవడమే.

నిర్వచనంతో మొదలుపెట్టకు. పాఠకుణ్ణి మా రొయ్యల గుంటల గట్టు మీదికి తీసుకురా, తెల్లవారుజామున మూడు గంటలకి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ అది. కాపలా మనిషి టార్చి పట్టుకుని, రొయ్య పైకి తేలుతోందేమోనని వంగి చూస్తుంటాడు. అక్కడ వరుసగా ఆ ఆక్సిజన్ కొలిచే ఐదు సెన్సర్ పెట్టెలు పెట్టామనుకో. చివరి గుంట కబురు షెడ్డుకు చేరాలంటే మిగతా నాలుగూ మోయాలి. షెడ్డు పక్కనున్న పెట్టెకి తన కబురుతో పాటు అందరి బరువూ తప్పదు. ముందుగా ఆరిపోయేది అదే. అది పోతే, వెనక నాలుగింటికీ బ్యాటరీ నిండా ఉన్నా నోరు లేనట్టే. నీ వ్యాసం ప్రాణం ఇక్కడ ఉందమ్మా, దీనికి ఒక పేజీ ఇవ్వు.

దూరం రెట్టింపైతే పంపే శక్తి కనీసం నాలుగింతలు కావాలి, అందుకే చిన్న చిన్న అంగలు మేలన్నావు. నిజమే. అయితే అంగలు పెరిగితే మేలుకుని వినే పెట్టెలూ పెరుగుతాయి, అదీ రాయాలి. 2000లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు ప్రకటించిన లీచ్ పద్ధతిని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అందులో పెట్టెలు గుంపులు కడతాయి, గుంపు పెద్ద అందరి కబుర్లూ కూడగట్టి పంపుతుంది. ఆ పెద్దరికం వంతులవారీగా తిరుగుతుంది, భారం ఒక్కరి మీదే పడదు. ఆ వంతుల సంగతి విడమరిచి చెప్పు.

ఇక నిద్ర, అంటే పెట్టె తన రేడియో కట్టేసుకుని ఉండటం. పెట్టెలన్నీ ఒప్పుకున్న వేళకి లేచి, మాట్లాడుకుని, మళ్లీ పడుకుంటే ఆదా బాగానే ఉంటుంది. కానీ అరగంట పడుకున్న పెట్టె కబురు అరగంట దాకా ఆలస్యం కావచ్చు. మధ్యాహ్నం పర్వాలేదు. మూడింటికి ఆ అరగంటలో గుంట పోతుంది, రైతు అప్పు మిగులుతుంది. పగలు ఎంతసేపు పడుకోవాలి, తెల్లారుజామున ఎంత తరచుగా లేవాలి? ముందు ఆ పేరా రాసి పంపు.