వైర్‌లెస్ థర్మోస్టాట్ కొనే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చి.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులోని లెస్టర్‌లో కొన్న ఇంటికి ఫోనుతో నడిపే హీటింగ్ కంట్రోల్ పెట్టించాలనుకుంటున్నావనీ, డిసెంబరులో అక్కయ్యా బావగారూ గుంటూరు నుంచి వచ్చేలోగా అది సిద్ధం కావాలనీ రాశావు. తప్పకుండా పెట్టించు. అయితే ఏ కంపెనీది కొనాలన్న విషయం తరువాత చూద్దాం. ఇప్పుడు నీ ఇంట్లో బాయిలర్‌ను, అంటే గ్యాసుతో నీళ్లు కాచి రేడియేటర్లకు పంపే యంత్రాన్ని, వెలిగించమని చెప్పేది ఏది, ఆ మాట ఏ తీగ మీదుగా వెళుతోంది అన్నది ముందు తెలుసుకో. ఈ దేశంలో చాలా ఏళ్లు కరెంటు పని చేసినవాణ్ణి. అది తెలుసుకోకుండా పెట్టె కొన్న ఇళ్లలోనే నడి చలికాలంలో హీటింగ్ ఆగిపోవడం చూశాను.

వైర్‌లెస్ అంటే తీగలు అసలు ఉండవని కాదు. గది వేడి చూసే గోడ మీది థర్మోస్టాట్‌కూ, దాని మాట అందుకునే రిసీవర్‌కూ మధ్య మాత్రమే తీగ ఉండదు. రిసీవర్ నుంచి బాయిలర్‌కు తీగ ఉండాల్సిందే. సాధారణ రిసీవర్ చేసే పని చాలా చిన్నది. గది చల్లబడితే రెండు తీగలను కలుపుతుంది, వెచ్చబడితే విడదీస్తుంది. ఆ రెండు తీగల్లో ఎన్ని వోల్టులు ఉన్నాయన్నదే అసలు సంగతి. కొన్ని బాయిలర్లు 230 వోల్టుల సిగ్నల్ అడుగుతాయి. కొన్నింటికి కరెంటేమీ పంపకుండా రెండు తీగలూ కలిపితే చాలు, అక్కడ ఉండేది 24 వోల్టులో, ఇంకా తక్కువో. అలాంటి చోట 230 వోల్టులు తగిలితే బాయిలర్ సర్క్యూట్ బోర్డు ఆ క్షణమే కాలిపోతుంది. అందుకే బాయిలర్‌తో ఇచ్చిన పుస్తకంలో వైరింగ్ బొమ్మ ఉన్న పేజీ చూడందే ఏదీ కొనకు. పుస్తకం పోయి ఉంటే మోడల్ నంబరుతో వెతుకు, తయారీదారుల సైట్లలో దొరుకుతుంది.

నీ ఇల్లు 1930ల నాటిదన్నావు కాబట్టి మేడ మీద అలమరలో వేడినీళ్ల సిలిండర్ ఉండి ఉండవచ్చు. ఉంటే హీటింగ్‌కు ఒకటి, వేడినీళ్లకు ఒకటి చొప్పున రెండు చానళ్లున్న రిసీవర్ కావాలి. ఒకే చానల్ ఉన్నది సిలిండర్ లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచే కాంబీ బాయిలర్‌కే సరిపోతుంది. చౌకగా వచ్చిందని ఒక చానల్‌ది కొంటే స్నానాల నీళ్లకు వేళలు పెట్టే పాత ప్రోగ్రామర్‌నే పట్టుకుని వేలాడాల్సి వస్తుంది.

ఇక పాత థర్మోస్టాట్ సంగతి. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే తరచూ చెడేది ఇక్కడే. హాల్లో గోడ మీద గుండ్రటి డయల్ ఉందన్నావు కదా. దాని మూత వెనక సాధారణంగా మూడు తీగలు కనిపిస్తాయి. ఒకటి కరెంటు తెచ్చేది, ఒకటి దాన్ని నీటి దారి తెరిచే వాల్వుకో బాయిలర్‌కో తీసుకువెళ్లేది, మూడోది న్యూట్రల్. కొత్త రిసీవర్‌ను ప్రోగ్రామర్ స్థానంలో పెట్టి ఈ పాత డయల్‌ను అలాగే వదిలేస్తే రెండు థర్మోస్టాట్లూ ఒకదాని వెనక ఒకటి పనిచేస్తాయి. కొత్తది 21 డిగ్రీలు అడుగుతున్నా, 17 దగ్గర పెట్టి ఉన్న పాతది అక్కడే ఆపేస్తుంది. కొత్త పెట్టె పాడైందనుకుని వెనక్కి పంపినవారిని చూశాను. పాత డయల్‌ను తీసేయించు. వచ్చే తీగనూ వెళ్లే తీగనూ జంక్షన్ పెట్టె దగ్గర కలిపించాలి. మూడోదైన న్యూట్రల్‌ను మాత్రం ఆ రెండింటితో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, కలిపితే షార్టు. రంగులను నమ్ముకోవద్దు. 2006కు ముందు వేసిన కేబుల్‌లో నలుపు న్యూట్రల్ కావాలి, కానీ థర్మోస్టాట్ నుంచి తిరిగి వెళ్లే లైవ్‌కు, అంటే కరెంటు ఉండే తీగకు, ఆ నల్ల తీగనే వాడి, గుర్తుగా ఎర్ర టేపు కూడా చుట్టకుండా వదిలేసిన ఇళ్లు ఎన్నో.

ఈ పని నువ్వు చేయకు, ఎలక్ట్రీషియన్ చేత చేయించు. అతను కూడా బాయిలర్ పక్కనున్న స్విచ్ ఆపి, అందులోని 3 ఆంపియర్ల ఫ్యూజు బయటికి తీసి, టెస్టర్‌తో చూశాకే తీగ ముట్టుకోవాలి. రిసీవర్‌కు కరెంటు కూడా అదే స్విచ్ నుంచి రావాలి. వేరే సాకెట్ నుంచి ఇస్తే, బాయిలర్ ఆపేశామనుకుని చెయ్యి పెట్టినవాడికి షాక్ తగులుతుంది. తీగ కలపడానికి బాయిలర్ లోపలి మూత విప్పాల్సి వస్తే గ్యాస్ పనికి అర్హులైనవాళ్ల జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లనే పిలువు. కార్డు చూపించమని అడగడానికి మొహమాటపడకు, వెనక వైపు వాళ్లు ఏ ఏ పనులకు అర్హులో రాసి ఉంటుంది.

థర్మోస్టాట్ ఎక్కడ పెట్టాలి? అందరూ ఎక్కువసేపు కూర్చునే గదిలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో, ఎండ, వీధి తలుపు గాలి, రేడియేటర్ వేడి తగలని గోడ మీద. మేకు కొట్టకముందు రెండు రోజులు స్టాండు మీద నిలబెట్టి సిగ్నల్ అందుతోందో లేదో చూడు. రిసీవర్‌ను బాయిలర్ ఇనుప ఒంటికి ఆనించవద్దు, అడుగు దూరమైనా ఉండాలి.

ఆ గదిలోని రేడియేటర్‌కు వేడిని బట్టి మూసుకునే వాల్వు ఉంటే దాన్ని పూర్తిగా తెరిచి ఉంచు. లేకపోతే థర్మోస్టాట్ వేడి అడుగుతూనే ఉంటుంది, వాల్వు ఆపుతూనే ఉంటుంది, ఈలోగా మేడ మీద గదులు ఉడికిపోతాయి. ప్రతి రేడియేటర్‌కూ బ్యాటరీతో నడిచే వాల్వులు పెట్టించాలని ఉంటే ఈ చలికాలానికి ఆగు. వాటికి ముందు రేడియేటర్ల అడుగు భాగం తాకి చూడు. పైన వేడిగా, కింద చల్లగా ఉంటే లోపల బురద చేరిందన్న మాట. అది కడిగించకుండా ఏ కంట్రోల్ పెట్టినా ప్రయోజనం ఉండదు.

గ్యాస్ బిల్లు తగ్గుతుందని ఆశపడుతున్నావు. ఫోనులో యాప్ ఉన్నంత మాత్రాన తగ్గదు. కండెన్సింగ్ బాయిలర్‌కు తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరై, ఆ వేడి ఇంటికి దక్కుతుంది. కాంబీ అయితే రేడియేటర్లకు వెళ్లే నీటిని 60 దగ్గరికి దించి చూడు. సిలిండర్ ఉంటే అంత దించవద్దు, లెజియోనెల్లా క్రిమి పెరగకుండా అందులో నీరు 60 డిగ్రీలకు చేరాలి. థర్మోస్టాట్, బాయిలర్ మాట్లాడుకునే ఓపెన్‌థర్మ్ అనే భాష ఒకటుంది, నీ బాయిలర్ ఆ భాష మాట్లాడేదైతే అది ఉన్న థర్మోస్టాట్ తీసుకో. అది ఆన్, ఆఫ్ అని మాత్రమే కాకుండా నీరు ఎంత వేడిగా కావాలో కూడా చెబుతుంది. నాకు డబ్బు పెట్టదగ్గదిగా తోచేది ఇదొక్కటే.

ఇప్పుడు అమ్మానాన్నల మాట. నువ్వు ఆఫీసులో ఉంటావు, యాప్ నీ ఫోనులో ఉంటుంది. ఇల్లు ఖాళీ అనుకుని హీటింగ్ తగ్గించే ఏర్పాటు చాలా వాటిలో ఉంటుంది, అది నీ ఫోను ఎక్కడుందో చూసి నిర్ణయిస్తుంది. వాళ్లిద్దరూ ఇంట్లో ఉన్నారని దానికి తెలియదు. దాన్ని ఆపేయి. పెద్దవాళ్లున్న ఇల్లు 18 డిగ్రీల కంటే దిగకూడదని ఇక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది, గుంటూరు నుంచి వచ్చినవాళ్లకు 21 అయినా ఉండాలి. అందుకే గోడ మీద చేత్తో తిప్పే డయల్, పెద్ద అంకెలు ఉన్నదే కొను. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేదై ఉండాలి. 2025 అక్టోబరులో గూగుల్ తన పాత నెస్ట్ థర్మోస్టాట్లకు యాప్ సదుపాయం ఆపేసింది. గోడ మీద తిప్పితే అవి ఇప్పటికీ పనిచేస్తాయి. ఆ వీలు లేని వస్తువు ఇంట్లోకి రానివ్వకు.

బాయిలర్ మోడల్ నంబరు, పాత ప్రోగ్రామర్, హాల్లోని డయల్, సిలిండర్ ఉంటే దాని పక్కనున్న వాల్వులు, అన్నీ ఫోటోలు తీసి పంపు. మూతలేవీ విప్పకు, బయటి నుంచి తీస్తే చాలు. ఏ రకం రిసీవర్ కావాలో చూసి రాస్తాను. ఎలక్ట్రీషియన్‌ను నవంబరు మొదటి వారానికే మాట్లాడుకో, చలి ముదిరాక దొరకరు.

మీ మామయ్య