ఈత రాదు, ఎత్తంటే భయం: రాఫ్టింగ్, గుర్రపు స్వారీ, క్లైంబింగ్ కలిపిన ట్రిప్‌కి వెళ్ళొచ్చా?

ఆరు రోజుల ట్రిప్ అన్నారు. రెండ్రోజులు నదిలో రాఫ్టింగ్, రెండ్రోజులు గుర్రాల మీద అడవిదారి, చివరి రెండ్రోజులు రాక్ క్లైంబింగ్. మీకు నలభై రెండేళ్ళు, ఈత రాదు, ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి, స్నేహితులేమో వదలట్లేదు. వెళ్ళనా వద్దా, వెళ్తే మూడింట్లో దేనికి ఎక్కువ భయపడాలి అని మీ ప్రశ్న.

వెళ్ళండి. నేనూ ఇంచుమించు మీ వయసులోనే, ఇవే భయాలు మూటగట్టుకుని వెళ్ళొచ్చినవాణ్ణి. వెళ్ళేముందు నది గురించి రాత్రిళ్ళు నిద్రపోలేదు, కొండ గురించి ఆలోచించడమే మానేశాను, గుర్రాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. తీరా జరిగింది చూస్తే నదిలో పడ్డా ఏమీ కాలేదు, గుర్రం మీంచి పడి నడుము పట్టేసింది, కొండ దగ్గరకొచ్చేసరికి ఎక్కడానికి చేతుల్లో చర్మం మిగల్లేదు. ఒక ఆట ఒంట్లో దేన్ని అరగదీస్తుందో, తర్వాతి ఆటకి సరిగ్గా అదే కావాలి. ఈ సంగతి బ్రోచర్లలో ఉండదు. మీ వరుస కూడా మా వరుసే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు నది. ర్యాపిడ్లకి, అంటే నది ఉధృతంగా ఎగిరిపడుతూ పారే చోట్లకి, 1 నుంచి 6 దాకా క్లాసులుంటాయి. 1 అంటే చిన్న అలలు, 3 అంటే ఒళ్ళంతా తడిసి కేకలు పెట్టేంత, 4 అంటే రాఫ్ట్‌ని కచ్చితంగా నడపగలిగితేనే దాటేది, 6 జోలికి మామూలు మనుషులు పోరు. ఈత రానివాళ్ళకి 2, 3 చాలు. ముందుగా చెప్పి వెళ్ళండి, సిగ్గుపడి దాచొద్దు. గైడు మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో దాన్నిబట్టే చూసుకుంటాడు. ఒక పిట్టకథ: అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌లో మాత్రం పాత అలవాటు కొద్దీ ర్యాపిడ్లని 1 నుంచి 10 దాకా లెక్కేస్తారు. ఎవరైనా "ఎనిమిదో నంబరు ర్యాపిడ్ దాటి వచ్చాను" అని గొప్పలు పోతే ఏ లెక్కలోనో అడగండి. ఇంకో మాట, క్లాసు అనేది శాశ్వతంగా రాసిపెట్టిన అంకె కాదు. నీటిమట్టం పెరిగితే అదే ర్యాపిడ్ మారిపోతుంది. మంచు కరిగి పారే నదుల్లో ఎండ తగిలిన నీళ్ళు కిందికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది కాబట్టి సాయంత్రం ఉధృతి ఎక్కువ. మమ్మల్ని చీకటితో లేపి తొందరపెడితే తిట్టుకున్నాం కానీ కారణం అదే.

పడటం సంగతికొస్తే, రెండో రోజు ఓ పెద్ద అల దగ్గర నేను వెనక్కి పల్టీకొట్టి నీళ్ళలో పడ్డాను. లైఫ్ జాకెట్ తేలుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ చన్నీళ్ళలో పడ్డ మొదటి క్షణంలో ఊపిరి మన చేతిలో ఉండదు, ఎవరో గుండెల మీద తన్నినట్టు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే నీళ్ళే లోపలికి పోతాయి. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చన్నీళ్ళలో పడ్డవాళ్ళ కోసం 1-10-1 అని ఓ గుర్తు చెప్పారు: మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే, తర్వాత ఓ 10 నిమిషాలు చేతులూ కాళ్ళూ మాట వింటాయి, చలికి స్పృహ తప్పడానికి 1 గంట దాకా పడుతుంది. నాకు పడకముందే ఇది తెలియడం మంచిదైంది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అనుకుంటూ జాకెట్ భుజాలు పట్టుకుని వెల్లకిలా తేలాను. కాళ్ళు ముందుకి, కాలివేళ్ళు నీళ్ళ పైన, పిర్రలు పైకి. రాయి ఎదురైతే పాదాలతో తోసుకోవచ్చు.

ఈత రానివాళ్ళు చేసే పెద్ద పొరపాటు మరోటుంది. లోతు తక్కువ కనపడగానే లేచి నిలబడబోతారు. పారే నీళ్ళలో, మోకాలి లోతు దాటి ఉంటే, చచ్చినా నిలబడొద్దు. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే వెనకనుంచి ప్రవాహం మనిషిని ముందుకి వంచేస్తుంది, ఇక లేవలేం. తుంటి లోతు నీళ్ళు కూడా ప్రాణం తీయగలవు. ఒడ్డుకి చేరి చేతులతో గట్టు తగిలేదాకా పడుకునే ఉండండి. మీరు రాఫ్ట్ అడుగున ఇరుక్కుంటే రెండు చేతులూ పైకెత్తి, దాని అడుగు తడుముకుంటూ ఒకే దిక్కుకి నడిచినట్టు పోతే బయటపడతారు. అటూఇటూ దిక్కు మార్చొద్దు.

నదిలో నాకు నిజంగా తగిలిన దెబ్బ నీళ్ళది కాదు, పక్కవాడి తెడ్డుది. తెడ్డు పైకొసకి అడ్డంగా టీ ఆకారంలో పిడి ఉంటుంది. అలలో అతను పిడి వదిలేశాడు, అది ఎగిరొచ్చి నా కింది పెదవి చీల్చింది. పన్ను పోనందుకు గైడు నన్ను అభినందించాడు! పిడి మీద చెయ్యి ఎప్పుడూ తియ్యకండి, తీసేవాళ్ళ పక్కన కూర్చోకండి.

రెండ్రోజులు తెడ్డు వేశాక అరచేతులు ఎలా ఉంటాయో చూడండి: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కమిలి, వేళ్ళ మొదళ్ళలో బొబ్బలు, గంటల తరబడి నాని తెల్లగా ముడతలు పడ్డ వేలికొసలు. అప్పట్లో నవ్వుకుని ఫొటోలు తీసుకున్నాం.

ఇక గుర్రం. చాలామంది దీన్ని విశ్రాంతి రోజనుకుంటారు. నడిచేది గుర్రమేగా, మనం కూర్చోడమేగా! గంటన్నరకే లోతొడలు వణకడం మొదలెట్టాయి. రోజువారీ బతుకులో ఆ కండరాలకి పనే ఉండదు. రికాబులు, అంటే జీను నుంచి వేలాడే పాదాలు పెట్టుకునే వలయాలు, పొట్టిగా పెడితే మోకాళ్ళు, పొడుగ్గా పెడితే కూర్చునే చోటు మండిపోతాయి. మొదటి పది నిమిషాల్లోనే ఇబ్బందిగా ఉంటే దిగి సరిచేయించుకోండి, మొహమాటపడితే ఆరుగంటలు పడాలి. రికాబులో పాదం ముందు భాగమే ఉండాలి, మడమ కిందికి. పాదం లోపలికి దూరిపోతే పడ్డప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. అందుకే కాస్త మడమ ఉన్న బూట్లు కావాలంటారు. ఎత్తు ఎక్కుతుంటే ముందుకి వంగి జూలు పట్టుకోండి, దిగుతుంటే కొంచెం వెనక్కి. జీను పట్టీ ఎక్కిన పది నిమిషాలకి మళ్ళీ బిగించమనండి. బిగించేటప్పుడు గుర్రం పొట్ట బిర్రబిగించి, తర్వాత వదిలేస్తుంది. పట్టీ వదులైతే జీనుతో సహా పక్కకి తిరిగిపోతాం.

నేను పడింది మాత్రం ఇందుకు కాదు. చినుకులు మొదలైతే ఆగకుండా, జీను మీద కూర్చునే రెయిన్ జాకెట్ తీసి దులిపాను. గుర్రానికి దాదాపు చుట్టూరా కనిపిస్తుంది, నేరుగా వెనకా, ముక్కు ముందూ తప్ప. దాని కంటికొసలో పసుపుపచ్చటిది పటపటమంటూ లేచింది. అది పక్కకి ఒక్క గెంతు గెంతింది, నేను ఉన్నచోటే ఉండిపోయాను, కింద గుర్రం లేదు. పచ్చిక మీద పడ్డాను కాబట్టి నడుము పట్టడంతో పోయింది. హెల్మెట్ రాయికి తగిలి సొట్టపడింది. జాకెట్ వేసుకోవాలన్నా, సంచిలోంచి ఏం తియ్యాలన్నా గుర్రాన్ని ఆపి, గైడుకి చెప్పి, దిగండి. బరువు సంగతి కూడా అబద్ధం చెప్పకండి. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదోవంతు దాటకూడదని గుర్రాలు నడిపేవాళ్ళు వాడే లెక్క. 500 కిలోల గుర్రానికి మనిషీ జీనూ కలిపి 100 కిలోలు.

ఇలా నడుము పట్టి, తొడలు పట్టి, చేతులు బొబ్బలెక్కి కొండ కిందికి చేరాను. క్లైంబింగ్‌లో మనిషిని పైకి లేపాల్సింది కాళ్ళు. కాలు పైన మెట్టు మీద పెట్టి తొడ బలంతో లేవాలి, చేతులు తిన్నగా చాపి పట్టు కోసమే. నా కాలు మోకాలెత్తు దాటి లేవలేదు. దాంతో చేతులతో లాక్కున్నాను, నాని మెత్తబడ్డ బొబ్బ మూడో పట్టు దగ్గరే చిట్లింది. ఆ రోజు నేను ఎక్కింది మూడు మనుషుల ఎత్తు. మరుసటి రోజు టేపు చుట్టుకుని, తిన్నగా ఎక్కి పైదాకా వెళ్ళాను.

మీ ఎత్తు భయం గురించి. కొత్తవాళ్ళకి తాడు పైనుంచే కట్టి ఉంటుంది, కింద ఒకరు దాని రెండో కొసని బిగించి పట్టుకుని ఉంటారు, కాబట్టి జారినా పడేది కొంచెమే. ఎక్కేటప్పుడు భయం పెద్దగా తెలియదు, కళ్ళముందు రాయి తప్ప ఏమీ ఉండదు. భయమంతా దిగేటప్పుడు. పైకెళ్ళాక చేతులు వదిలేసి వెనక్కి ఖాళీలోకి కూర్చోవాలి. బుర్ర ఒప్పుకోదు. నేను రాయిని కౌగిలించుకుని ఉండిపోయాను, కింద నుంచి తాడు వదులుతుంటే మోకాళ్ళు రెండూ గీక్కుపోయాయి. దీనికి మందు ఒకటే, రెండు మీటర్లు ఎక్కాక ఆగి, అక్కడే తాడు మీద వేలాడి చూడటం. అయితే ఒక కిటుకుంది. తాడు సాగేలాగే చేస్తారు. 80 కిలోలు వేలాడితే 10 శాతానికి మించకూడదని ప్రమాణం. నేలకి దగ్గర్లో ఉన్నప్పుడే పైకి వెళ్ళి తిరిగొచ్చే తాడు పొడవు ఎక్కువ, సాగేదీ ఎక్కువ. జారితే పాదాలు నేలకి తగలొచ్చు. ముందే బిగించమని చెప్పి మెల్లగా కూర్చోండి. పైన అంత సాగదు.

ప్రతిసారీ ఎక్కేముందు మీ ముడిని కింద తాడు పట్టుకునే మనిషీ, ఆ మనిషి తాడు ఆపే పరికరాన్ని మీరూ చూసుకోవాలి. ఎనిమిది అంకెలా ఉండే ముడి, జంట తాళ్ళలా పక్కపక్కనే పోవాలి. పైనుంచి "రాయి!" అని కేక వినబడితే పైకి చూడకండి, గోడకి అతుక్కుపోండి. గ్రేడు, అంటే ఎక్కే దారి ఎంత కష్టమో చెప్పే అంకె, అడిగితే అమెరికా లెక్కలో 5.5, 5.6 మీకు సరి. అవి దశాంశాలు కావు సుమా, 5.10 అనేది 5.9 కంటే కష్టం. ఒకప్పుడు 5.9తో లెక్క ముగిసిందనుకున్నారట, అంతకంటే కష్టమైనవి ఎక్కేసరికి పదీ పదకొండూ పెట్టాల్సొచ్చింది.

అందుకే నా సలహా: క్లైంబింగ్ ముందు పెట్టమని అడగండి. తాజా చేతులు, తాజా కాళ్ళు. తర్వాత గుర్రం, ఆఖరికి నది. మూడు చోట్లా దారి ఒక్కటే వైపు పోతుంది కాబట్టి మార్చలేం అంటే, గుర్రానికీ కొండకీ మధ్య ఒక రోజు ఖాళీ అడగండి. అదీ కుదరదంటే నదిలో చేతి తొడుగులు వేసుకోండి, రాత్రిపూట చేతులు ఆరబెట్టుకోండి. వీటితోపాటు, ఎవరికైనా కాలు విరిగితే రోడ్డు ఎంత దూరం, శాటిలైట్ ఫోన్ ఉందా, గైడుకి ప్రథమ చికిత్స శిక్షణ ఉందా, వెంట సేఫ్టీ కయాక్ (నీళ్ళలో పడ్డవాళ్ళని అందుకునే చిన్న పడవ) వస్తుందా అడగండి. నసిగితే వేరేవాళ్ళని చూసుకోండి. మీ ఇన్సూరెన్స్ కాగితంలో ఇలాంటి ఆటలకి మినహాయింపు రాసి ఉందేమో కూడా చదవండి.

టైముంటే రెండు నెలల ముందు మొదలెట్టండి. ఈత మొత్తం రాకపోయినా వెల్లకిలా తేలడం, మొహం నీళ్ళలో పెట్టి ఊపిరి వదలడం వస్తే చాలు. మెట్లెక్కండి, గుంజీళ్ళు తీయండి, కాళ్ళు బాగా ఎడం పెట్టి. లోతొడలు మీకు తర్వాత దండం పెడతాయి.

బూట్లు మూడు జతలు కావాలి, తప్పదు. నదికి పట్టీలున్న చెప్పులు, గుర్రానికి మడమ బూట్లు, కొండకి వాళ్ళిచ్చే బిగుతు బూట్లు. నూలు బట్టలు తడిస్తే ఆరవు, వదిలేయండి. ఉంగరాలు ఇంట్లో పెట్టండి, రాతి పగుల్లో ఇరుక్కుంటే వేలి చర్మం ఊడొస్తుంది. కళ్ళజోడుకి తాడు కట్టుకోండి.

కాలిగోళ్ళు కత్తిరించుకోవడం మరవొద్దు, క్లైంబింగ్ బూట్లలో పొడుగు గోరు నరకం చూపిస్తుంది. బయలుదేరే ముందురోజు రాత్రి మాత్రం వద్దు. నేనలా తొందరలో కత్తిరించి బొటనవేలు తెగ్గోసుకుని, మొదటిరోజంతా ఆ వేలినే నదిలో నానబెట్టాను.